విమానం భయం సీబీటీతో పోతుందా? నాకైతే పనిచేసింది

"విమానం ఎక్కాలంటే వణుకు. సీబీటీ అనే థెరపీతో నిజంగా పోతుందా?" అని ఒకరు అడిగారు. సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మన ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చి భయం తగ్గించే చికిత్స. పోతుంది. అయితే భయం అసలు రాకుండా పోతుందని కాదు, వచ్చినా ప్రయాణం ఆగదు. నాకు అది చాలు.

ముందుగా, "రోడ్డు మీద కన్నా గాల్లోనే సేఫ్" అంటూ లెక్కలు చెప్పేవాళ్లకు దూరంగా ఉండండి. ఆ లెక్కలు నాకూ తెలుసు. తెలిసే హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి గంటంబావులో పోయేదాన్ని వదిలేసి, రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పడి వెళ్లేదాన్ని. మా బావగారు పెళ్లి భోజనాల బంతిలో కూడా గారె చేత్తో పట్టుకుని ఇదే ఉపన్యాసం ఇచ్చారు.

నేను వెళ్లిన సైకాలజిస్ట్ మేడం ఆ లెక్కల జోలికే పోలేదు. "తప్పనిసరై ఎక్కినప్పుడు సీట్లో కూర్చుని ఏం చేస్తారు?" అని అడిగారు. చెప్పాను. కిటికీ మూసేస్తాను, సీటు పక్క హ్యాండిల్ బిగించి పట్టుకుంటాను, ఎయిర్ హోస్టెస్ నవ్వుతోందా లేదా అని చూస్తూ ఉంటాను, ఆంజనేయ దండకం ఆపకుండా చదువుతాను. "అంటే దిగేదాకా విమానాన్ని మీరే మోస్తున్నారన్నమాట" అన్నారావిడ. నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

కిటుకంతా అక్కడే ఉంది. క్షేమంగా దిగిన ప్రతిసారీ మనసు ఆ ఘనతను హ్యాండిల్‌కీ, దండకానికీ కట్టబెడుతుంది. ఇక ఎన్నిసార్లు ఎక్కితే మాత్రం భయమెందుకు తగ్గుతుంది? దండకం పొద్దున్నే ఇంట్లో చదువుకోండి, విమానంలో మాత్రం వద్దన్నారు. మా అమ్మ ఆవిడను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ తర్వాత హోంవర్క్. ఇంజిన్ శబ్దాల వీడియోలు చూడటం, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి ఊరికే వెళ్లి కూర్చుని రావడం, ప్రతిదానికీ భయానికి సున్నా నుంచి వందలోపు మార్కు వేయడం. ఇదంతా బోరే.

అసలు పరీక్ష మే నెలలో ఒక మధ్యాహ్నం ఫ్లైట్. ఎక్కేముందు చీటీ మీద "కుదుపులొస్తే నేను అరిచేస్తాను, గుండె ఆగిపోతుంది" అని రాసి, తొంభై వేశాను. గాల్లోకి లేచిన కాసేపటికి ఇంజిన్ మోత తగ్గింది. పైలట్ కావాలనే పవర్ తగ్గిస్తాడని అప్పటికి తెలుసు కాబట్టి ఆ గండం గడిచింది. వైజాగ్ దగ్గర పడుతుండగా మబ్బుల్లో మొదలైంది కుదుపు. కిటికీ తెరిచే ఉంచాలి, చేతులు ఒళ్లో వదులుగా పెట్టుకోవాలి, రెండు నిమిషాలకోసారి మార్కు వేయాలి. రెక్క కిందికీ పైకీ ఊగడం కళ్లారా చూస్తున్నాను. అలా వంగేలాగే దాన్ని తయారు చేస్తారట. ఎనభై అయిదు, తొంభై, తొంభై, డెబ్భై, నలభై. కుదుపు ఇంకా తగ్గలేదు, మార్కు మాత్రం పడిపోయింది! పక్క సీటాయన చీటీలోకి తొంగిచూసి "కంప్లైంటామ్మా? ఉప్మా రేటు కూడా రాయండి" అన్నాడు. చక్రాలు నేలకు తగలగానే లేచి నిలబడి మన నెత్తిమీద బ్యాగులు దించే రకం ఆయన. నన్నడిగితే వాళ్లకు కూడా ఒక థెరపీ పెట్టాలి.

మాత్ర వేసుకుని పడుకోమని చాలామంది సలహా ఇస్తారు. 1997లో అచ్చయిన ఒక పరిశోధనలో విమానభయం ఉన్నవాళ్లకు ఆల్ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర ఇచ్చి చూశారు. మొదటి ప్రయాణంలో హాయిగానే ఉన్నారు. వారం తర్వాత మాత్ర లేకుండా ఎక్కితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా వీళ్లే ఎక్కువ బెదిరిపోయారు. మాత్ర కూడా నా హ్యాండిల్ లాంటిదే మరి. డాక్టర్ రాసిన మందులు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి. ఇక టీవీ చానళ్లు ఎక్కడ ప్రమాదం జరిగినా ఎర్ర సున్నా చుట్టి రోజంతా చూపిస్తాయి చూడండి, అది కట్టేస్తే సగం జబ్బు నయమవుతుందని నా నమ్మకం.

ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. మొదటి రోజే "హోంవర్క్ ఇస్తారా?" అని అడగండి. "అవసరం లేదు, ధైర్యంగా ఉంటే చాలు" అన్నారో, ఫీజు దండగ, ఇంకొకరిని వెతుక్కోండి.