సూది మధ్యలో ఎత్తకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. డిసెంబర్ మొదటి శనివారం మీ అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో నలభై మందిని కూర్చోబెట్టి జాజ్, సోల్ అనే నల్లజాతి అమెరికన్ల సంగీతం వినిపిస్తున్నావట. "ఏవో అమెరికా పాటలట అన్నయ్యా, నువ్వు కాస్త చూసుకో" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. 1974లో డెట్రాయిట్‌కి వచ్చిన దగ్గర్నుంచి మన కుటుంబంలో ఈ సంగీతం వినేవాణ్ణి నేనొక్కణ్ణే. నా తర్వాత ఈ రికార్డులు ఎవరు ముట్టుకుంటారని మీ అత్తయ్యతో ఎన్నిసార్లు అన్నానో. ఇప్పుడు నువ్వు దొరికావు. సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు. రికార్డుని అంచులు పట్టుకుని తియ్యి, గాడుల మీద వేలు పెట్టకు. స్పీకర్లు గోడకి ఆనించకు, బేస్ మోత తప్ప ఇంకేమీ వినపడదు. భోజనాలు ముందే పెట్టెయ్యి. పిల్లలకి పక్కగదిలో ఏదైనా ఏర్పాటు చెయ్యి. మంచు పడితే మొహమాటపడకుండా వాయిదా వెయ్యి. రోడ్డు మీద నల్లగా తడిలా కనిపించేది తడి కాదు, ఐసు. ఒకసారి దాని మీద నా కారు గిర్రున తిరిగి రైలింగ్‌కి కొట్టుకుంది. మీ అత్తయ్య అప్పుడు కడుపుతో ఉంది. ఆ రాత్రి నుంచి డిసెంబర్ అంటేనే నాకు టెన్షన్.

మొదట జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో షికాగోలో రికార్డు చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' పెట్టు. మూడు నిమిషాల పాట. మొదట్లో ట్రంపెట్ ఒక్కటే ఉంటుంది, తోడు ఎవరూ ఉండరు. అక్కడే గది నిశ్శబ్దమైపోతుంది చూడు. "ఇది మన ఆలాపన లాంటిదే" అని మాత్రం చెప్పకు. ప్రతిదాన్నీ మన రాగాలతో కొలిస్తే వాళ్ళది వాళ్ళదిగా వినపడదు. మనకీ దీనికీ ఏం సంబంధం అని ఎవరైనా అంటే, మేనార్డ్ ఫెర్గూసన్ అనే పేరున్న ట్రంపెట్ విద్వాంసుడు మన మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పాడని చెప్పు, చాలు.

ఆ తర్వాత 'రెస్పెక్ట్' రెండుసార్లు వినిపించు. సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ 1965లో తను రాసి పాడింది ముందు. అది ఇంటికొచ్చిన మగవాడు అడిగే మర్యాద. వెంటనే గాయని అరీతా ఫ్రాంక్లిన్ 1967లో పాడింది. ఆ మాటని ఒక్కో అక్షరం విడదీసి పలకడం ఆవిడ చేర్చిందే. అడిగే మనిషి మారేసరికి పాటే మారిపోయింది. ఆవిడ మన ఊరి మనిషి అని అందరికీ చెప్పు. వాళ్ళ నాన్నగారు పాస్టర్‌గా ఉన్న న్యూ బెథెల్ చర్చిలో పాడుతూ పెరిగింది. 2018లో ఆవిడ పోయినప్పుడు చివరిచూపు కోసం రైట్ మ్యూజియం బయట క్యూలో నేనూ మీ అత్తయ్యా నిలబడ్డాం. ముందున్న ముసలావిడ సన్నగా పాట అందుకుంటే క్యూ అంతా అందుకుంది.

మోటౌన్ అనే మన ఊరి రికార్డు కంపెనీ పాటలు పెట్టేముందు వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లో 2648 నంబరు ఇంటికి ఒకసారి వెళ్ళు. బెర్రీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని ఆ కంపెనీ పెట్టాడు, ఆ ఇంట్లోనే స్టూడియో కట్టాడు. ఇప్పుడది మ్యూజియం. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా ఆ కంపెనీ రికార్డుల అట్టల మీద పాడినవాళ్ళ పేర్లే గాని వాయించినవాళ్ళ పేర్లు ఉండేవి కావు. అక్కడ బేస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగల్ని కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. నువ్వు ప్రతి పాటకీ వాయించినవాళ్ళ పేర్లు పైకి చదువు. ఎంత ఆలస్యమైనా సరే చదువు.

ఈ పేర్లన్నీ నాకు చెప్పింది మా ప్లాంట్‌లో డై మేకర్‌గా, అంటే లోహపు అచ్చులు తయారుచేసే పని చేసే పెద్దాయన. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నల్లవాళ్ళ పేట అయిన హేస్టింగ్స్ స్ట్రీట్ దగ్గర పుట్టి పెరిగాడు. జాజ్ క్లబ్బులతో కళకళలాడిన ఆ వీధిని ఫ్రీవే కోసం పడగొట్టేశారు. లంచ్ టైములో ఆయన పక్కన కూర్చుని నేను ఈ సంగీతం నేర్చుకున్నాను. అసలు ఈ ఉత్తరం ఆయన గురించే.

1981 సంక్రాంతికి మా ఇంట్లో పదిహేను కుటుంబాల భోజనాలు. నువ్వనుకున్నట్టే నేనూ అనుకున్నాను, మనవాళ్ళకి మంచి సంగీతం వినిపించాలని. ఆయన్ని పిలిచాను. సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ రికార్డు 'ఎ లవ్ సుప్రీమ్' తెమ్మని అడిగాను. 1965లో అది రాగానే కొన్న సొంత కాపీ తెచ్చాడు. అట్ట మూల సిరాతో ఆయన పేరు ఉంది. తెరిస్తే లోపల కోల్‌ట్రేన్ రాసిన ప్రార్థన అచ్చువేసి ఉంటుంది. ఆ వరసల వెంట పొడుగునా మసకగా ఒక మరక. పాత అట్ట కదా అనుకున్నాను.

రెండో వైపు పెట్టాం. ఎల్విన్ జోన్స్ డ్రమ్స్‌తో మొదలవుతుంది. ఆయన ఇక్కడి పాంటియాక్‌లోనే పుట్టాడు. పిల్లలు చెవులు మూసుకుని పరిగెత్తారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. తర్వాత బేస్ ఒక్కటే చాలాసేపు మోగి, సాక్సోఫోన్ నెమ్మదిగా, తాళం లేకుండా, పలుకుతున్నట్టు మొదలైంది. వెనక నుంచి ఎవరో "బావా, ఇక ఘంటసాల పెట్టవయ్యా" అన్నారు. నలుగురు నవ్వారు. వచ్చినవాళ్ళు విసుక్కుంటున్నారని నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. లేచి వెళ్ళి సూది ఎత్తేశాను. కంగారులో గాడి మీద జర్రుమని గీసుకుంది.

పెద్దాయన లేచి వచ్చాడు. రికార్డుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కాగితం కవర్లో పెట్టి, అట్టలోకి తోశాడు. మొహంలో కోపం లేదు. మీ అత్తయ్యకి భోజనం బాగుందని చెప్పి, నాతో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

సోమవారం నేను క్షమించమని అడిగితే అప్పుడు చెప్పాడు. ఆ చివరి భాగంలో కోల్‌ట్రేన్ లోపల అచ్చువేసిన ప్రార్థననే ఒక్కో మాటా సాక్సోఫోన్‌తో చదువుతున్నాడట. పెద్దాయన వాళ్ళమ్మకి చదువు అంతంతమాత్రం. ఆఖరి రోజుల్లో ఆవిడ ఆ రికార్డు పెట్టించుకుని, వినపడుతున్న కొద్దీ ఆ వరసల వెంట వేలు జరిపేదట.

ఆ వారమే నా కాపీ కొన్నాను. అర్ధరాత్రి ఒక్కణ్ణే కూర్చుని నేనూ వేలు జరుపుతూ విన్నాను. దేవుడికి కృతజ్ఞతలు చెప్పే మాట వచ్చిన ప్రతిసారీ సాక్సోఫోన్ అలాగే కిందికి వాలుతుంది. వాళ్ళ దేవుడి ముందు వెలుగుతున్న హారతిని నేను ఊదేశాను, అమ్మలూ. ఆయన మళ్ళీ ఒక్క మాట అనలేదు, రెండేళ్ళకి రిటైరయ్యాడు. సిగ్గుతో ఇంకోసారి మా ఇంటికి పిలవలేదు నేను. గీత పడ్డ రికార్డు కంటే అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. పిలిస్తే వచ్చేవాడు.

మీ అమ్మ చెప్పిన లెక్క చూస్తే నువ్వు పిలిచిన నలభై మందీ మనవాళ్ళే. ఇదేం పద్ధతి? ఎవరి సంగీతమో వాళ్ళలో ఒక్కరు కూడా లేకుండా ఎలా వినిపిస్తావు? ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే ఆవిడ మెంఫిస్ నుంచి వచ్చిందని, వాళ్ళ తాతగారు చర్చిలో ఆర్గన్ వాయించేవారని నువ్వే చెప్పావు. ముందు ఆవిడని పిలువు. ఒక పాట ఆవిడనే ఎంచుకోమను. ఎవరు విసుక్కున్నా ఆ పాట చివరిదాకా మోగాలి. 'ఎ లవ్ సుప్రీమ్' మాత్రం ఆ రోజు వద్దు. ఒక వైపు పద్దెనిమిది నిమిషాలు, కొత్తవాళ్ళు కూర్చోలేరు. కూర్చోలేనివాళ్ళ ముందు దాన్ని పెట్టడం నాదే తప్పు, వాళ్ళది కాదు.

చివర్లో ఈ కాలం వాళ్ళని పెట్టు, ఇది మ్యూజియం సరుకు అనుకోకూడదు ఎవరూ. వయొలిన్ అంటే మనవాళ్ళు చెవి ఒగ్గుతారు కాబట్టి మన డెట్రాయిట్ రెజీనా కార్టర్ బాగుంటుంది. 2023లో కొత్త కళాకారుల గ్రామీ అందుకున్న సమారా జాయ్ కూడా. ఆ పిల్ల గొంతు వింటుంటే నాకు నువ్వే గుర్తొస్తావు, ఎందుకో తెలీదు.

ఇంకో మాట. ముప్పై ఏళ్ళు ప్లాంట్ మోతలో పనిచేసినందుకు నా చెవులకి సన్నని శబ్దాలు పోయాయి. ఎల్విన్ జోన్స్ సింబల్ అంచు మీద పుల్లతో తాకే చప్పుడు ఇప్పుడు నాకు గుర్తే గాని వినపడదు. ఈ శనివారం మధ్యాహ్నం రా, నా 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డు ఇస్తాను. తీసుకెళ్ళేముందు ఇక్కడే కూర్చుని రెండో వైపు మొత్తం విను. సింబల్ మోగినప్పుడల్లా నా చేతి మీద తట్టు. మీ అత్తయ్య గోంగూర పప్పు చేస్తానంది.

మీ మామయ్య