మొదటి బౌలింగ్ బాల్ ఒక లేన్ మీద తిరిగి, ఇంకో లేన్ మీద తిరగదెందుకు? – మీ ప్రశ్నలు, మా జవాబులు

టెన్‌పిన్ బౌలింగ్, అంటే లేన్ మీద బాల్ దొర్లించి పది పిన్నుల్ని పడగొట్టే ఆట, దాని గురించి ఏమైనా అడగండి అని పోయిన నెల రాసినాం కదా, తిరుపతి నుంచీ చిత్తూరు నుంచీ వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో బాధ ఒకటే, కొత్తగా కొన్న బాల్ చెప్పినమాట వినడం లేదని. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో ఎంబీఏ చదువుతున్నా. రెండేళ్ళు మాల్‌లో అందరికీ పెట్టే హౌస్ బాల్‌తోనే ఆడి ఈ సంక్రాంతికి సొంత బాల్ కొనుక్కున్నా, 14 పౌండ్లది, ఎంట్రీ లెవల్ రియాక్టివ్, అంటే లేన్‌ని పట్టుకొని తిరిగే రకం. కుడిచేత్తో వేస్తా. ఇక్కడ వేస్తే సగం దూరం పోకముందే ఎడమకి తిరిగి, అన్నిటికంటే ముందుండే హెడ్‌పిన్ దాటి పోతుంది, చెన్నైలో మామావాళ్ళింటికి పోయినప్పుడు అక్కడ లేన్ మీద వేస్తే అసలు తిరగనే లేదు, గీత గీసినట్టు నేరుగా పోయింది. బాల్‌లోనే లోపమా, వేళ్ళకి రంధ్రాలు వేసిన డ్రిల్లింగ్ తప్పా, ఇంకాస్త ఖరీదైనది కొనుంటే ఇట్లా అయ్యేది కాదా?

జవాబు: తమ్ముడూ, బాల్‌లో లోపం లేదు, రెండుచోట్లా అది చేయాల్సిన పనే చేసింది. తేడా అంతా లేన్ మీద పూసిన ఆయిల్‌లో ఉంది, అది కంటికి సరిగ్గా కనిపించదు కాబట్టి మనం బాల్‌ని తిడతాం. బాల్ వేసేటప్పుడు దాటకూడని గీత ఫౌల్ లైన్, అక్కడి నుంచి హెడ్‌పిన్ దాకా 60 అడుగులు, అడ్డంగా 39 బోర్డులు, అంటే సన్నటి పలకలు. మామూలుగా మొదటి 40 అడుగులు అటూఇటూగా మెషీన్‌తో నూనె పూస్తారు, మిగతాది పొడిగా వదిలేస్తారు. నూనె మీద బాల్ జారుతుంది, పొడి తగిలాక పట్టు దొరికి తిరుగుతుంది. వాన పడినప్పుడు అలిపిరి మెట్ల మీద నున్నటి రాయి మీద కాలు జారి, పక్కన గరుకు రాయి తగలగానే నిలదొక్కుకుంటాం చూడు, అట్లాంటిదే ఇది.

మన దగ్గర లేన్లకి వచ్చేది ఎక్కువగా పుట్టినరోజు పార్టీలు, సెలవులకి వచ్చిన పిల్లలు, వాళ్ళంతా హౌస్ బాల్‌తో నేరుగా వేసేవాళ్ళు, కాబట్టి ఆయిల్ మెషీన్ రోజూ తిప్పాలన్న తొందర యాజమాన్యానికి ఉండదు, ఒక్కోసారి రోజుల తరబడి పూయరు. నేను మొదటి బాల్ కొన్నప్పుడు ఆడింది కూడా అట్లాంటి చోటే, మూడు నెలలు నా మణికట్టుదే తప్పనుకున్నా. పొడి లేన్ మీద నీ బాల్‌కి వేసిన కాసేపటికే పట్టు దొరుకుతుంది, అందుకే తొందరగా తిరిగి, పిన్నుల దగ్గరికి చేరేసరికి బలం అయిపోయి మెత్తగా తగులుతుంది. చెన్నైలో నువ్వు ఆడింది బహుశా అప్పుడే నూనె పూసిన లేన్ అయ్యుంటుంది, అక్కడ పట్టు దొరికేలోపే పిన్నులు వచ్చేశాయి.

ఇంక ఎంట్రీ లెవల్ అంటే ఏందో చెప్తా. పైపొర రియాక్టివ్ రెజిన్, చాలావరకు ముత్యంలా మెరిసే పెర్ల్ రకం, పైన పాలిష్ కొట్టి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి కోర్, అంటే నడుమనుండే బరువు దిమ్మ, సిమెట్రిక్, అన్నివైపులా ఒకేలా ఉండేది, పెద్దగా దూకుడు లేనిది. అట్లా చేసిందే మీడియం, తక్కువ ఆయిల్ కోసం. ఎక్కువ నూనెలో పట్టుకోవాలంటే గరుకు ఉపరితలమన్నా ఉండాలి, బలమైన కోర్ అన్నా ఉండాలి, ఇందులో రెండూ లేవు. అది తక్కువతనం అనుకోవద్దు. ఖరీదైన బాల్‌ని నువ్వు ఇప్పుడు మన పొడి లేన్ మీద వేసుంటే ఇంకా ముందే తిరిగి లేన్ పక్కన ఎడమ గట్టర్ కాలవలో పడేది. నేర్చుకునేవాళ్ళకి ఈ నెమ్మది బాలే మేలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే నువ్వు చేసిన తప్పూ లేన్ చేసిన మార్పూ విడివిడిగా కనిపిస్తాయి.

మరి ఏం చేయాలంటే, పొడి లేన్ మీద బాల్ ఎడమకి ఎక్కువ పోతుంటే నువ్వు కూడా ఎడమకే జరుగు. కాళ్ళు రెండు బోర్డులు, గురి ఒక బోర్డు, మళ్ళీ వేసి చూడు, చాలకపోతే మళ్ళీ అంతే జరుగు, పాకెట్‌లోకి వచ్చేదాకా. పాకెట్ అంటే నీకు హెడ్‌పిన్‌కీ దాని వెనక కుడివైపుండే మూడో పిన్నుకీ మధ్య సందు. స్పీడ్ పెంచాలంటే చేతి బలంతో విసరొద్దు, బాల్‌ని మొదట్లో కాస్త పైకి పట్టుకుంటే ఊపులోనే వేగం వస్తుంది. నూనె ఎక్కువున్న లేన్ మీద దీనికి తలకిందులు, కుడికి జరిగి, కొంచెం నిమ్మళంగా, లేన్ మీదున్న బాణం గుర్తుల్లో కుడి నుంచి రెండోదాని మీదుగా వెయ్యి, అది కుడి నుంచి పదో బోర్డు. మామూలు హౌస్ ప్యాటర్న్‌లో, అంటే రోజూ ఆటకి నూనె పూసే తీరులో, నూనె మధ్యలో ఎక్కువ, అంచులకి పోయేకొద్దీ తక్కువ, పెనం మీద దోసెకి నూనె వేస్తే నడుమ నిలబడి అంచుల్లో పలచబడినట్టు. అందుకే అంచుకి దగ్గరగా పోతే నీ బాల్‌కి రవ్వంత పట్టు దొరుకుతుంది.

ఇంకొకటి, బాల్ తిరిగొచ్చాక తుడిచేముందు దాన్ని చూడు. చుట్టూ నూనె వలయాలు స్పష్టంగా ఉంటే లేన్ మీద ఆయిల్ బాగానే ఉన్నట్టు, ఏమీ లేకపోతే పొడి. అదే లేన్ మీద రెండు మూడు గేమ్‌లు అయ్యాక కూడా లెక్క మారుతుంది, రియాక్టివ్ బాల్స్ నూనెని పీల్చేస్తాయి కాబట్టి అందరూ వేసే దారిలో పొడి పెరుగుతుంది, ప్లాస్టిక్ హౌస్ బాల్స్ ఎక్కువైతే నూనెని ముందుకి ఈడ్చుకుపోయి పిన్నుల వైపు జారుడు పెడతాయి. మొదటి గేమ్‌లో దొరికిన గురి మూడో గేమ్‌కి పనికిరాకపోతే గాబరా పడొద్దు.

ప్రశ్న: నమస్తే అన్నయ్యా, మాది చిత్తూరు. మా పాపకి పదమూడేళ్ళు, బెంగళూరులో ఉన్న మా చెల్లెలి దగ్గర సెలవుల్లో ఆడి ఆడి ఇప్పుడు సొంత బాల్ కావాలంటోంది. ఎంత బరువు తీసుకోవాలి? ఒంటి బరువులో పదో వంతు అని ఎవరో చెప్పినారు.

జవాబు: అమ్మా, ఆ పదో వంతు లెక్క పాతది, దాన్ని పట్టుకోవద్దు. మూడు గేమ్‌లు వరసగా ఆడినా భుజం కిందికి పడకుండా, ఊపు తగ్గకుండా ఎంత బరువు వేయగలదో అంతే. ముందు హౌస్ బాల్‌తో 8, 9, 10 పౌండ్లు వేయించి చూడండి. బరువు కంటే ముఖ్యం చేతి కొలత, వేళ్ళకి సరిపడా డ్రిల్ చేయించాలి, వదులుగా ఉంటే పిల్లలు బాల్‌ని పిండి పట్టుకుంటారు, మణికట్టు నొప్పి అక్కడే మొదలవుతుంది. పాప వేళ్ళు ఇంకా పెరుగుతాయి కాబట్టి రంధ్రాలు పూడ్చి మళ్ళీ డ్రిల్ చేయించాల్సి రావచ్చు, ఖరీదైనది ఇప్పుడు వద్దు. మామూలు ప్లాస్టిక్ బాల్ చాలు, అది ఏ లేన్ మీదైనా దాదాపు నేరుగా పోతుంది, గురి కుదిరేది దానితోనే.

ప్రశ్న: సార్, నాది తిరుచానూరు. ఏడాది కిందట కొన్న రియాక్టివ్ బాల్ మొదట్లో బాగా తిరిగేది, ఇప్పుడు అదే లేన్, అదే గురి, అయినా ఎక్కడా పట్టుకోదు. బాల్ చచ్చిపోయిందంటున్నారు ఫ్రెండ్స్.

జవాబు: చచ్చిపోలేదు, నూనె తాగింది. రియాక్టివ్ పైపొరలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, అవే నూనెని పీల్చుకుంటాయి, నిండిపోయాక ఇంక పీల్చలేక జారడం మొదలవుతుంది. ప్రతి షాట్‌కీ మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి, ఆట అయిపోగానే, బాల్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, బౌలింగ్ క్లీనర్‌తో కడగాలి, మర్నాడు చేస్తే అంత ఫలితం ఉండదు. ఇప్పుడు నీ బాల్‌కి అయితే వేళ్ళు పెట్టే రంధ్రాలని టేపుతో మూసి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి ఇరవై నిమిషాలు ఉంచు, నూనె పైకి తేలేది నీకే కనిపిస్తుంది. మరిగే నీళ్ళు మాత్రం వద్దు. తర్వాత ఉపరితలం అరిగిపోయి ఉంటే 2000 నంబరు అబ్రలాన్ ప్యాడ్‌తో, అంటే గరుకు కాగితం లాంటి దానితో, రుద్దించు, కొంచెం మసకబారి ముందుకంటే త్వరగా పట్టుకుంటుంది, మళ్ళీ దూరం పోయి తిరగాలంటే పాలిష్ కొట్టించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త, మన మే నెల ఎండల్లో బాల్‌ని కారు డిక్కీలో పెట్టి పోవద్దు. మధ్యాహ్నం డిక్కీ లోపల ఎంత కాగుతుందో మన ఊరోళ్ళకి చెప్పాలా, ఆ వేడికి పగుళ్ళు పట్టిన బాల్స్ నేను రెండు చూశా, పగిలాక బాగుచేయడం చాలా కష్టం.

ప్రశ్న: అన్నా, ఆగస్టులో బెంగళూరులో ఒక ఓపెన్ టోర్నమెంట్‌కి పేరిచ్చా, స్పోర్ట్ ప్యాటర్న్ అంటున్నారు. నా దగ్గర ఉండేది ఒకే ఒక ఎంట్రీ లెవల్ బాల్. ఇంకో హుక్ బాల్, అంటే ఇట్లా తిరిగేదే, కొనాలా?

జవాబు: కొనదలచుకుంటే రెండో హుక్ బాల్ కాదు, ముందు స్పేర్లకి, అంటే మొదటి బాల్‌కి పడక మిగిలిన పిన్నుల్ని రెండో బాల్‌తో పడగొట్టడానికి, ప్లాస్టిక్ బాల్ కొను. కుడి మూలన ఒంటరిగా మిగిలిన పదో పిన్నుని రియాక్టివ్‌తో కొట్టబోతే అది చివర్లో తిరిగి పిన్ను పక్కనుంచి పోతుంది, మన కొత్తవాళ్ళ స్కోర్ పోయేది ఎక్కువగా అక్కడే. స్పోర్ట్ ప్యాటర్న్‌లో నూనె అంచుల్లో కూడా గట్టిగా ఉంటుంది, హౌస్ లేన్ మీద లాగా కుడికి తప్పితే తిరిగి తెచ్చే పొడి దొరకదు, ఎడమకి తప్పితే ఆపే నూనె తేడా ఉండదు. అక్కడికి పోయాక ప్యాటర్న్ పొడవెంతో చూడు, సాధారణంగా చెప్తారు లేదా షీట్ అంటిస్తారు. అందులోంచి 31 తీసెయ్యి, వచ్చింది బాల్ నూనె నుంచి బయటపడాల్సిన బోర్డు. 40 అడుగులైతే కుడి నుంచి తొమ్మిదో బోర్డు, 44 అయితే పదమూడు. అది ఒక అంచనానే, మొదటి ప్రాక్టీస్ బాల్స్ అక్కడ వేసి చూసి ఒక్కో బోర్డూ సర్దుకో. పొడవైన ప్యాటర్న్ అని తేలితే, బయలుదేరేముందే బాల్‌ని 2000తో రుద్దించుకొని పో, పోటీ ఆట నడుస్తుండగా ఉపరితలం మార్చనివ్వరు.