సోమవారం డ్యూటీ లేని స్టూడెంట్‌కి విక్టోరియా డే జీతం ఇవ్వాలా?

ప్రశ్న: కెనడాలో ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. మే నెలలో వచ్చే ప్రభుత్వ సెలవు విక్టోరియా డే సోమవారం కూడా తెరుస్తాం. వంటాయన ఫుల్‌టైం. ఇద్దరు స్టూడెంట్లు పార్ట్‌టైం: అమ్మాయి శని, ఆది, సోమవారాలు వస్తుంది, అబ్బాయి శుక్ర, శని, ఆదివారాలు వస్తాడు. ఇద్దరికీ రోజుకు ఆరు గంటలు, గంటకు 20 డాలర్లు. చేరి రెండు నెలలే అయింది. అబ్బాయికి సోమవారం డ్యూటీయే లేదు కదా, అతనికీ హాలిడే పే ఇవ్వాలా? వంటాయన ఆదివారం రాకపోతే హాలిడే డబ్బులు కట్ చేయవచ్చా?

జవాబు: అబ్బాయికీ ఇవ్వాలి. ఒంటారియో ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ యాక్ట్, 2000 కింద పబ్లిక్ హాలిడేకి ఇన్ని నెలల సర్వీసు ఉండాలన్న షరతు లేదు. పార్ట్‌టైం, స్టూడెంట్, నిన్న చేరినవాళ్లు అందరికీ వర్తిస్తుంది. సెలవు అతని డ్యూటీ లేని రోజున పడితే బదులుగా మామూలుగా పనిచేసే మరో రోజున జీతంతో సెలవు ఇవ్వాలి. లేదా మీరూ అతనూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ రోజు హాలిడే పే ఇచ్చి సరిపెట్టవచ్చు. ఈమెయిల్‌లో ఒప్పుకున్నా చాలు. చిన్న హోటళ్లకు ఈ రెండోదే సులువు.

తికమక అంతా ఎక్కడంటే, హాలిడే పే వేరు, ప్రీమియం పే వేరు. మొదటిది సెలవు రోజు జీతం, రెండోది ఆ రోజు పనిచేసిన గంటలకు ఒకటిన్నర రెట్లు. ఈ రెంటినీ కలిపి "టైం అండ్ హాఫ్ ఇచ్చాంగా" అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. అది సగం బాకీయే.

హాలిడే పే లెక్క ఇది. సెలవు పడిన వారానికి ముందున్న నాలుగు పని వారాల మామూలు జీతం, ఆ కాలానికి ఇవ్వాల్సిన వెకేషన్ పే (వార్షిక సెలవుల డబ్బు) కలిపి 20తో భాగించాలి. ఓవర్‌టైం, ప్రీమియం పే ఇందులో రావు. అబ్బాయికి వారానికి 360, నాలుగు వారాలకు 1,440 డాలర్లు. ప్రతి చెక్‌లోనూ 4 శాతం వెకేషన్ పే ఇస్తుంటే ఇంకో 57.60. మొత్తం 1,497.60ని 20తో భాగిస్తే 74.88. అందరికీ ఒకే రీతిన ఎనిమిది గంటల జీతం కట్టేయడం, పని వారానికి బదులు పే పీరియడ్ (ఒక చెక్‌కు లెక్కేసే కాలం) పట్టుకోవడం, ఈ రెండూ పేరోల్‌లో తరచూ జరిగే పొరపాట్లు. నాలుగు వారాల్లో కొన్ని రోజులు రాకపోయినా భాగించేది 20తోనే.

అమ్మాయికి సోమవారం మామూలు డ్యూటీ రోజు. రెస్టారెంట్లు, హోటళ్లు, ఆసుపత్రులకు ప్రత్యేక నియమం ఉంది: ఉద్యోగి వెకేషన్‌లో లేకపోతే, తన డ్యూటీ రోజున పడిన సెలవుకు రమ్మని మీరు చెప్పవచ్చు. బట్టల షాపులాంటి రిటైల్‌కు ఈ వెసులుబాటు లేదు, అక్కడ ఉద్యోగి రానని చెప్పవచ్చు. ఆమె వస్తే రెండు దారులు, ఎంచుకునేది మీరే. ఒకటి: ఆరు గంటలకు 30 చొప్పున 180, దానికి హాలిడే పే 74.88, మొత్తం 254.88. రెండు: ఆ రోజుకు మామూలు జీతం 120, తర్వాత మరో రోజు జీతంతో సెలవు. ఆ రోజు హాలిడే పేని ఆ బదులు సెలవు పడిన వారానికి ముందున్న నాలుగు వారాలతో లెక్కిస్తారు.

బదులు సెలవు మూడు నెలల్లోపు ఇవ్వాలి. ఉద్యోగి రాతలో ఒప్పుకుంటే పన్నెండు నెలల దాకా. ఏ సెలవుకు బదులు, ఏ తేదీన ఇస్తున్నారు, ఈ కాగితం ఏ రోజు ఇచ్చారు అన్నవి రాసి, హాలిడేకి ముందే చేతికివ్వాలి. నోటిమాట చెల్లదు. బదులు సెలవు రాకముందే ఉద్యోగం మానేస్తే ఆఖరి జీతంతో ఆ హాలిడే పే ఇచ్చేయాలి.

ఇక వంటాయన సంగతి. సెలవుకు ముందు తన ఆఖరి షెడ్యూల్ షిఫ్టు, తర్వాత తన మొదటి షిఫ్టు, ఈ రెండూ పూర్తిగా చేయాలి. సరైన కారణం లేకుండా మానేస్తే హాలిడే పే పోతుంది. జ్వరం సరైన కారణమే. మీరే ముందుగా సెలవిచ్చిన రోజును మానేసిన షిఫ్టుగా లెక్కపెట్టకూడదు. అబ్బాయి విషయంలో చూసేది ముందు ఆదివారం, తర్వాత శుక్రవారం. కారణం లేకుండా ఆదివారం ఎగ్గొట్టినా వంటాయన సోమవారం పనిచేస్తే, ఆ గంటలకు ప్రీమియం పే మాత్రం తప్పదు. అదే కట్ చేసేస్తుంటారు, జాగ్రత్త. ప్రీమియం పే ఇచ్చిన ఆ గంటలను వారానికి 44 గంటల ఓవర్‌టైం లెక్కలో కలపనక్కర్లేదు.

ఒంటారియోలో ఇలాంటివి తొమ్మిది: న్యూ ఇయర్, ఫ్యామిలీ డే, గుడ్ ఫ్రైడే, విక్టోరియా డే, కెనడా డే, లేబర్ డే, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, బాక్సింగ్ డే. ఆగస్టు సివిక్ హాలిడే, సెప్టెంబర్ 30 (ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ డే), రిమెంబ్రెన్స్ డే ఇందులో లేవు. బ్యాంకులు, విమానాలు, టెలికాం కేంద్ర చట్టం కిందికి వస్తాయి. వాటి జాబితా వేరు, కాబట్టి బ్యాంకులో పనిచేసే బంధువు చెప్పింది మీకు పనికిరాదు.

రికార్డులు మూడేళ్లు ఉంచండి. ఉద్యోగి రెండేళ్లలోపు బాకీలకు కార్మిక శాఖలో క్లెయిమ్ వేయవచ్చు, అడిగినందుకు షిఫ్టులు తగ్గించడమూ నేరమే. గత సెలవులకు టైం అండ్ హాఫ్ మాత్రమే ఇచ్చి ఉంటే, ఆ తేడా ఇప్పుడే లెక్కగట్టి తర్వాతి చెక్‌లో వేరే లైనుగా చూపించి ఇచ్చేయండి.