ఫేషియల్ నర్వ్‌కి భయపడి దూరంగా తిరగకండి, ముందు దాన్ని చూడండి

కొలెస్టియాటోమా (మధ్య చెవిలో చర్మం పేరుకుని ఎముకను తినేసే జబ్బు) సర్జరీలో ఫేషియల్ నర్వ్ (ముఖాన్ని కదిలించే నరం) జోలికి పోకుండా దూరంగా డ్రిల్ చేయాలా, లేక వెతికి పట్టుకోవాలా అని అడిగారు. వెతికి పట్టుకోవాలి. అదెక్కడుందో తెలియకుండా దానికి దూరంగా ఉండటం ఎవరి వల్లా కాదు. పీజీ రోజుల్లో నేనూ భయంతో దూరంగానే తిరిగేదాన్ని. ఫేషియల్ రిడ్జ్ (నర్వ్‌ను కప్పి ఉండే ఎముక గట్టు) ఎత్తుగా మిగిలిపోయేది, దాని చాటున జబ్బూ మిగిలేది.

మొదటిసారి తెరిచే చెవిలో దారి తేలికే. యాంట్రమ్ (చెవి వెనక ఎముకలోని గది) తెరవగానే లేటరల్ కెనాల్ (లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే గొట్టం) నున్నగా మెరుస్తుంది, ముందు ఇంకస్ అనే చిన్న చెవి ఎముక కనబడుతుంది. నర్వ్ రెండో మలుపు కెనాల్‌కి కిందుగా, కాస్త లోపలికి ఉంటుంది. అక్కడి నుంచి డైగాస్ట్రిక్ రిడ్జ్ (చెవి వెనక ఎముక అడుగున ఉండే గట్టు) ముందు కొస వైపు దిగుతుంది.

చిక్కంతా రివిజన్ కేసుల్లోనే, అంటే ఇదివరకే ఆపరేషన్ అయిన చెవుల్లో. ఒక కేసులో ఇంకస్ లేదు, లేటరల్ కెనాల్ మీది ఎముకను జబ్బు తినేసింది, ఎటు చూసినా గ్రాన్యులేషన్ (జబ్బు వల్ల పెరిగే ఎర్రటి మెత్తటి కండ). వెనక నుంచి వెతకడం ఆపేసి ముందుకెళ్లి కాక్లియారిఫార్మ్ ప్రాసెస్ (మధ్య చెవి ముందు భాగంలోని చిన్న ఎముక కొక్కెం) పట్టుకున్నాను. అన్నీ పోయినా చాలాసార్లు అదొక్కటి మిగులుతుంది, నర్వ్ దానికి కాస్త పైనే ఉంటుంది. అక్కడి నుంచి ఓవల్ విండో (మధ్య చెవికీ లోపలి చెవికీ మధ్య ఉండే కిటికీ) పైకి వచ్చాక ఒక గ్రాన్యులేషన్ ముక్కను కప్ ఫోర్సెప్స్‌తో పట్టుకున్నాను. కొంచెం లాగితే ఊడొచ్చేలా ఉంది. ఎందుకో మనసొప్పక వదిలేసి, దాని అంచు మెల్లగా ఎత్తి చూశాను. కింద ఎముకే లేదు, తెల్లగా నర్వ్! జబ్బులేని చెవుల్లో కూడా ఆ చోట ఎముక లేకపోవడం మామూలే. అందుకే ఓవల్ విండో పైన ఏదీ చూడకుండా లాగను.

డ్రిల్ విషయానికొస్తే, దగ్గరికొచ్చాక పెద్ద డైమండ్ బర్ (డ్రిల్‌కి పెట్టే, ఎముకను మెల్లగా అరగదీసే మొన) వాడండి, నీళ్లు ఆగకూడదు, స్ట్రోక్ నర్వ్ దారి వెంటే పోవాలి, అడ్డంగా వద్దు. ఎముక గులాబీ రంగుకు తిరిగి సన్నటి రక్తపు చుక్కలు వస్తుంటే దగ్గరికొచ్చినట్టే. పైన పల్చటి ఎముక పొర అలాగే ఉంచేయండి.

నర్వ్ మానిటర్ (నర్వ్‌ను కదిపితే చప్పుడు చేసే పరికరం) ఉంటే మంచిదే, కానీ దాని మౌనాన్ని నమ్మకండి. ఒకసారి అరగంట చప్పుడు లేకపోతే నా చెయ్యి ఎంత సున్నితమో అని మురిసిపోయాను. తీరా అడిగితే, మత్తు డాక్టర్ మజిల్ రిలాక్సెంట్ మళ్లీ ఇచ్చారట; కండరాలే కదలకపోతే మానిటర్ ఏం పలుకుతుంది? ఇప్పుడు మొదలుపెట్టే ముందే ఆయనతో మాట్లాడతాను, నర్వ్ అనుకున్న చోట స్టిమ్యులేట్ చేసి స్పందన చూశాకే నమ్ముతాను.

ఇంకో టెన్షన్ కూడా చెప్పాలి. ఒక పేషెంట్ లేవగానే మూతి ఒక పక్కకు పోయింది, కన్ను మూతపడలేదు. మాస్టాయిడ్ (చెవి వెనక ఎముక) కొన దగ్గర లిగ్నోకెయిన్ (నరాన్ని కాసేపు మొద్దుబార్చే లోకల్ మత్తుమందు) లోతుగా ఇచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మూడు గంటలకు ముఖం మామూలైంది; ఆ మూడు గంటలూ నేను కుర్చీలో కూర్చోలేదు. లోకల్ దిగిపోయే టైమ్ దాటినా ముఖం కదలకపోతే చెవిలో కూరిన ప్యాక్ వదులు చేయండి. నర్వ్ బాగుందని మీరు కళ్లారా చూసి ఉండకపోతే మాత్రం ఎదురుచూడొద్దు, సీనియర్‌ని పిలిచి మళ్లీ తెరవండి. లేచినప్పుడు బాగానే ఉండి కొన్ని రోజులకు వచ్చే పక్షవాతం వేరు, అది చాలావరకు స్టెరాయిడ్స్‌తో తగ్గిపోతుంది. అందుకే లేవగానే ముఖం ఎలా ఉందో చూసి, టైమ్‌తో సహా కేస్ షీట్‌లో రాయండి.