ఢిల్లీలో ఇంటర్న్‌షిప్: లా విద్యార్థుల ప్రశ్నలు, ఒక లాయర్ జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం ఢిల్లీ గురించే. మూడు తీసుకున్నాను. మొదటిదానికే జవాబు చాంతాడంత అయింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నమస్తే మేడమ్. విశాఖపట్నంలో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ, నాలుగో ఏడు చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్ మొత్తం, అంటే జనవరి నుంచి మే దాకా, ఢిల్లీలోనే ఉండి సుప్రీంకోర్టులో ఎవరైనా పెద్ద సీనియర్ అడ్వకేట్ దగ్గర ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. వెళ్లొచ్చిన మా సీనియర్లలో ఒకరేమో ‘జిరాక్స్‌లు తీయించడం తప్ప ఏమీ ఉండదు’ అంటారు, ఇంకొకరేమో ‘సీవీలో ఆ పేరుంటే చాలు’ అంటారు. నాకు హిందీ అంతంతమాత్రం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇంగ్లిష్ గడగడా రాదు. నాన్న ఖర్చుకి సరే అన్నారు గానీ అప్పు చేస్తారేమోనని టెన్షన్. వెళ్లనా, మాననా?

జవాబు: వెళ్లు. (నువ్వు అని రాస్తున్నాను, నీ వయసు పిల్ల ఇంట్లో ఉంది నాకు.) కానీ సెమిస్టర్ మొత్తం వద్దు, పెద్ద పేరు కోసం అసలే వద్దు.

ముందు రూల్ సంగతి చూద్దాం, ఎందుకంటే టికెట్లు బుక్ చేశాక తెలిసి ఏడ్చినవాళ్లని చూశాను. లా చదువుకి, లాయర్లకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం ఐదేళ్ల కోర్సులో మొత్తం మీద కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. అదే రూల్‌లో ఇంకో మాట కూడా ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు: ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా 4 వారాలకు మించి చేయకూడదు. దానికి తోడు ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు. నాలుగైదు నెలలు కాలేజీ మొహం చూడకుండా ఢిల్లీలో కూర్చుంటే ఈ రెండూ ఎలా కుదురుతాయో నువ్వే ఆలోచించు. మీ కాలేజీ ఆ సెమిస్టర్‌ని ప్రత్యేకంగా లెక్కేస్తానంటే సంతోషం, కానీ ఆ మాట నోటితో కాదు, కాగితం మీద, సంతకంతో తీసుకో. నన్నడిగితే నాలుగు వారాల చొప్పున రెండు విడతలు పెట్టుకో. నాన్న మీద భారం సగం తగ్గుతుంది. మొదటి విడతలో నువ్వేంటో చూసినవాళ్లు రెండోసారి నిన్ను కూర్చోబెట్టి పని చెప్తారు కూడా.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా చూసుకో. మే చివర్లో మొదలై జూలైలో సగం దాకా సుప్రీంకోర్టుకి వేసవి విరామం. ఇప్పుడు దాన్ని సెలవులు అనరు, పార్షియల్ వర్కింగ్ డేస్ అంటారు, పేరేదైనా కొన్ని బెంచీలే కూర్చుంటాయి. మన పిల్లలకి ఖాళీ దొరికేదేమో సరిగ్గా జూన్‌లో! ఫైలింగ్, డ్రాఫ్టింగ్ నేర్చుకోవడానికి ఆ నెల పనికొస్తుంది గానీ కోర్టు కళకళలాడుతుంటే చూడాలంటే కాదు. క్రిస్మస్ వారం కూడా అంతే.

ఇక ఎవరి దగ్గర అన్నది. సీనియర్ అడ్వకేట్ అంటే కోర్టు ఆ హోదా ఇచ్చినాయన, ఆయన నేరుగా వకాల్తా వేయడు, కేసు ఫైల్ చేయడు. లాయర్లలో సుప్రీంకోర్టులో కేసు ఫైల్ చేయగలిగేది అడ్వకేట్ ఆన్ రికార్డ్ ఒక్కరే, అందరూ ఏఓఆర్ అంటారు. నాలుగేళ్లు ప్రాక్టీసు, ఆపైన ఒక ఏఓఆర్ దగ్గర ఏడాది ట్రైనింగ్, తర్వాత పరీక్ష. వీటితో పాటు కోర్టుకి 16 కిలోమీటర్లలోపు ఆఫీసు కూడా ఉండాలి. సీనియర్ దగ్గరికి ఫైల్ వండి వార్చాక వస్తుంది, వంట జరిగేది ఏఓఆర్ ఆఫీసులో. పెద్ద సీనియర్ ఛాంబర్‌లో ఎనిమిదిమంది జూనియర్లు, పదిమంది ఇంటర్న్‌లు ఉంటే నీ వంతుకి ఏం మిగులుతుంది? ఆయన వాదిస్తుంటే వెనక వరసలో నిలబడటం. అది కూడా చదువే, కాదనను, కానీ ఒక వారానికి సరిపోయే చదువు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఇద్దరు ముగ్గురు జూనియర్లున్న ఏఓఆర్ ఆఫీసు చూసుకోవాలి. అక్కడ మనుషులు తక్కువ, పని ఎక్కువ, మూడో రోజుకల్లా నీ చేతిలో ఫైలుంటుంది.

నా సంగతే చెప్తాను. నేను చేసింది ఢిల్లీ జంగ్‌పురాలో ఒక చిన్న ఆఫీసులో, బేస్‌మెంట్. నాకిచ్చిన మొదటి పని లిస్ట్ ఆఫ్ డేట్స్. హైకోర్టు తీర్పు మీద రాజ్యాంగం ఆర్టికల్ 136 కింద వేసే స్పెషల్ లీవ్ పిటిషన్‌కి ముందు సినాప్సిస్ (కేసు సారాంశం), దాని వెనకే ఏ తేదీన ఏం జరిగిందో వరసగా రాసే ఈ జాబితా ఉంటుంది. తేదీలే కదా అనుకున్నాను. హైకోర్టు తీర్పు తేదీ వేయాల్సిన చోట సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) చేతికొచ్చిన తేదీ వేశాను. పిటిషన్ వేయడానికి గడువు 90 రోజులు, అది నడిచేది తీర్పు రోజు నుంచి. నా తేదీతో లెక్కేస్తే గడువులోనే ఉన్నాం, అసలు తేదీతో లెక్కేస్తే ఎప్పుడో దాటిపోయాం, ఆలస్యాన్ని మన్నించమని వేరే అప్లికేషన్ పెట్టాలి. దాన్ని పట్టుకున్నది మా సార్ కాదు, జూనియర్లు కాదు, మున్షీజీ. ఢిల్లీలో కోర్టు క్లర్కుని అలాగే పిలుస్తారు. ఆయన తీర్పు కాపీ ఆఖరి పేజీ వెనక్కి తిప్పి కాపీయింగ్ సెక్షన్ స్టాంపు మీద వేలు పెట్టి ‘బేటా, యే కాపీ కీ తారీఖ్ హై’ (అమ్మా, ఇది కాపీ తేదీ) అన్నాడు, అంతే, ఇంకేం అనలేదు. ఆ రోజు నుంచి నేను ఏ కాగితం చేతికొచ్చినా ముందు వెనక వైపు చూస్తాను.

జిరాక్స్ భయం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జిరాక్స్ తీయించమంటారు, తీయించు. కానీ తీయించే కాగితం చదువుతూ తీయించు. పిటిషన్ ఫైల్ చేయగానే డైరీ నంబర్ వస్తుంది, ఆ తర్వాత రిజిస్ట్రీ (కోర్టు కార్యాలయం) వాళ్లు ‘డిఫెక్ట్స్’ అని లోపాల చిట్టా ఇస్తారు: పేజీ నంబర్లు తప్పు, అనెక్షర్ (జతచేసిన కాగితం) మసకగా ఉంది, అఫిడవిట్‌లో సంతకం లేదు, ఇలాంటివి. వాటిని సరిచేసి మళ్లీ ఇవ్వాలి. ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి ఇంటర్న్‌కి సులువుగా దొరుకుతుంది, అడిగి మరీ తీసుకో. ఒక పిటిషన్ ఎన్ని ముక్కలతో నిలబడుతుందో అది చేస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు నువ్వు లోటు అనుకుంటున్న విషయం. తెలుగు మీడియం.

సుప్రీంకోర్టు భాష ఇంగ్లిష్. మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్లే భూమి కేసుల్లో, క్రిమినల్ కేసుల్లో అసలు కాగితాలన్నీ తెలుగులోనే ఉంటాయి: అడంగల్, పహాణీ (ఈ రెండూ పొలం రికార్డులు), దస్తావేజు, ఎఫ్‌ఐఆర్, సాక్షి వాంగ్మూలం. అవన్నీ ఇంగ్లిష్‌లోకి మారాలి. ఢిల్లీ ఆఫీసుల్లో తెలుగు చదవగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? నేనున్న ఆఫీసులో ఒక్కదాన్నే. ఒక అడంగల్ తర్జుమా అప్పటికే ఎవరో చేసి పెట్టారు, సరిచూడమని ఇచ్చారు. పట్టాదారు కాలమ్ బాగానే ఉంది. పక్కన ‘అనుభవదారు’ కాలమ్‌కి ఆ మహానుభావుడు ‘ఎక్స్‌పీరియన్స్‌డ్ పర్సన్’ అని రాశాడు! కేసు మొత్తం ఆ భూమి ఎవరి అనుభవంలో, అంటే ఎవరి స్వాధీనంలో ఉందన్న దాని మీదే. ఆ ఒక్క మాట సరిచేసినందుకు, అంతవరకు నా పేరు కూడా సరిగ్గా పలకని సార్ నన్ను క్లయింట్‌తో కాన్ఫరెన్స్‌లో తన పక్కన కూర్చోబెట్టారు. కాబట్టి సీవీలో ‘హాబీలు: సంగీతం వినడం’ తీసేసి, ‘తెలుగు రెవెన్యూ రికార్డులు, కోర్టు కాగితాలు చదివి ఇంగ్లిష్‌లోకి అనువదించగలను’ అని మొదటి పేజీలోనే రాయి. వెళ్లే లోపు మీ ఊళ్లో ఎవరైనా రెవెన్యూ ఆఫీసులో పనిచేసిన పెద్దాయన ఉంటే కూర్చుని పోరంబోకు, ఇనాం, దఖలు, సరిహద్దులు లాంటి మాటలు అర్థం చేసుకో.

ఎవరికి రాయాలో తెలియక ముప్ఫైమందికి ఒకే మెయిల్, అందరి పేర్లూ సీసీలో కనిపించేలా పంపే పిల్లలున్నారు, అలాంటివి నాకూ వస్తాయి, తెరవను. సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో కాజ్ లిస్ట్, అంటే ఏ రోజు ఏ కేసులు విచారణకొస్తాయో చెప్పే జాబితా, రోజూ పెడతారు. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల నుంచి వచ్చిన కేసులు చూడు, ఎదురుగా అడ్వకేట్ల పేర్లు ఉంటాయి. రెండు వారాలు చూస్తే మన వైపు కేసులు ఎక్కువ చేసే ఆఫీసులేవో తెలిసిపోతుంది. ఒక్కొక్కరికీ విడిగా, నాలుగు లైన్లలో, రెండు మూడు నెలల ముందే రాయి.

ఇంగ్లిష్ గడగడా రానక్కర్లేదు. కోర్టులో నువ్వు మాట్లాడేది ఏమీ ఉండదు, ఆఫీసులో రాసేది తప్పుల్లేకుండా ఉంటే చాలు. హిందీ మున్షీజీతో, ఆటోవాడితో పడి పడి అదే వస్తుంది. వెళ్లే ముందు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు విను, 2022 సెప్టెంబరు నుంచి లైవ్ ఇస్తున్నారు, ఆ మాటల వేగం చెవికి అలవాటవుతుంది. పాత తీర్పులకి ఈ-ఎస్‌సీఆర్ (సుప్రీంకోర్టు తీర్పుల ఆన్‌లైన్ సంపుటి) ఉచితం. ఇక తీరా వెళ్లాక, కొత్త కేసులు విచారణకొచ్చే మిస్లేనియస్ రోజున కోర్టులో కూర్చుని చూడు. ఒక్కో ఐటెమ్‌కి ఒకటి రెండు నిమిషాలు. నువ్వు రాత్రి రెండింటిదాకా తేదీలు సరిచూసిన ఫైలు ‘ఇష్యూ నోటీస్’ (ఎదుటివాళ్లకి నోటీసు పంపండి) అనో ‘డిస్మిస్డ్’ (కొట్టేశాం) అనో ఒక్క మాటతో తేలిపోతుంది. నాకు మొదటిసారి ‘డిస్మిస్డ్’ విన్నప్పుడు బయటి కారిడార్లో కాసేపు ఊపిరాడలేదు. సార్ మాత్రం తరవాతి ఐటెమ్‌కి పక్క కోర్టుకి పరుగెత్తారు.

ఇంకొకటి, డైరీ. రోజూ ఏం చూశావో, ఏం చేశావో రాసుకో. మీ ప్రాక్టికల్ పేపర్లో ఇంటర్న్‌షిప్ డైరీకి, కింది కోర్టులో రెండు కేసుల విచారణ చూసి రాసే రికార్డుకి మార్కులున్నాయి. రెండోదానికి సుప్రీంకోర్టు పనికిరాదు, అక్కడ సాక్షులుండరు. దగ్గర్లోనే ఉన్న పటియాలా హౌస్ కోర్టులకి రెండు మూడు రోజులు వెళ్లిరా. క్లయింట్ల పేర్లు, వాళ్ల గొడవలు మాత్రం ఆ డైరీలోనూ వద్దు, ఫ్రెండ్స్ గ్రూపులోనూ వద్దు.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో లా చదువుతోంది. ఢిల్లీలో ఒక లాయరు గారి దగ్గర నెల రోజులు రమ్మన్నారట. జీతం ఏమీ లేదంటున్నారు, పైగా రాత్రి తొమ్మిది, పదింటిదాకా ఆఫీసు ఉంటుందట. పంపాలంటే భయంగా ఉందండీ. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ భయం అనవసరం అని నేను అనను. చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, అది నిజం, నాకూ ఇవ్వలేదు. నాలుగు వారాలు దాటి ఉచితంగా పని చేయించుకుంటే మాత్రం అది నేర్పడం కాదు, వాడుకోవడం.

రాత్రి వేళల సంగతి: పగలంతా కోర్టులో ఉంటారు కాబట్టి లాయర్ల అసలు ఆఫీసు సాయంత్రమే మొదలవుతుంది, క్లయింట్లతో కాన్ఫరెన్సులు అప్పుడే. అందులో అనుమానించాల్సింది లేదు. కానీ ఇంటర్న్ రోజూ పదింటిదాకా ఉండాల్సిన పనీ లేదు. ‘ఎనిమిదింటికి బయల్దేరతాను’ అని మొదటి రోజే చెప్పమనండి, సరే అనని ఆఫీసు మనకొద్దు. బస ఆఫీసుకి దగ్గర చూడండి, లేదా మెట్రో బ్లూ లైన్ మీద. మయూర్ విహార్ ఫేజ్ 1 నుంచి సుప్రీంకోర్టు స్టేషన్‌కి రైలు మారకుండా వచ్చేయొచ్చు (ఆ స్టేషన్ పాత పేరు ప్రగతి మైదాన్, కొందరు ఇంకా అలాగే అంటారు). మెట్రోలో మొదటి పెట్టె ఆడవాళ్లకే. వెళ్లే ముందు అదే ఆఫీసులో ఇంతకుముందు చేసిన అమ్మాయి ఎవరైనా దొరికితే ఫోన్లో మాట్లాడించండి, నేను చెప్పే నాలుగు మాటల కన్నా అది మేలు.

ఒకటి మీ అమ్మాయికి చదివి వినిపించండి: పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం జీతం తీసుకునేవాళ్లకే కాదు, ట్రైనీలకీ వర్తిస్తుంది. పదిమంది కన్నా తక్కువ ఉన్న ఆఫీసైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. సుప్రీంకోర్టు ఆవరణకి వేరే కమిటీ ఉంది. ‘సర్టిఫికెట్ ఇవ్వరేమో’ అని నోరు నొక్కుకోవద్దని చెప్పండి. సర్టిఫికెట్ పోతే పోయింది.

ఇంటి భోజనం మీద బెంగొస్తే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. ఆదివారం క్యూ చూస్తే సగం ఢిల్లీ అక్కడే ఉందా అనిపిస్తుంది.

ప్రశ్న: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, రెండో ఏడు. ఢిల్లీలో ఇంటర్న్‌షిప్‌కి గౌను, బ్యాండ్ కుట్టించుకోవాలా? కోర్టులో ఫొటో దిగొచ్చా? – నెల్లూరు నుంచి

జవాబు: గౌను, బ్యాండ్ ఎన్‌రోల్ అయిన, అంటే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైన, అడ్వకేట్లకి. నీకు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల టై, నల్ల కోటు, నల్ల షూస్. జనవరిలో వెళ్తే చొక్కా లోపల థర్మల్ వేసుకో, ఆ కోటుకి చలి ఆగదు. ఫొటో గేటు బయట దిగు. లోపల హై సెక్యూరిటీ జోన్‌లో ఫొటోలు, రీల్స్ తీయకూడదని 2025లో సర్క్యులర్ కూడా ఇచ్చారు, పట్టుబడితే మాట పడేది నీకు పాస్ ఇప్పించిన లాయరు గారు.