పచ్చగా ఉన్న మొక్కను ఎందుకు తగలబెట్టాలి?

ప్రశ్న: మాది కడియంలో పూలమొక్కల నర్సరీ. స్పెయిన్‌లో పైన్ నర్సరీలో ఏదో తెగులు కనబడితే బాగున్న మొక్కల్ని కూడా నాశనం చేయాలన్న రూల్ ఉందని చదివాను. మేమైతే నారు కుళ్ళు వస్తే పోయిన ట్రేలు తీసేసి, మందు పోసి మిగతావి కాపాడుకుంటాం. వాళ్ళకి మందే దొరకలేదా?

జవాబు: దొరకలేదండీ, అదే అసలు సంగతి. మీరు చదివింది పిచ్ క్యాంకర్ గురించి. దాన్ని తెచ్చే శిలీంధ్రం ఫ్యుజేరియం సర్సినేటం, మన కందిలో ఎండు తెగులు, అరటిలో పనామా తెగులు తెచ్చేవాటికి దాయాది. ఒకసారి మొక్కలోకి దిగాక నయం చేసే మందు లేదు. పెద్ద చెట్టయితే మాను మీద పుండు పడి జిగురు కారుతుంది కాబట్టి చూడగానే తెలుస్తుంది. చిక్కంతా నర్సరీలోనే. చచ్చిన నారు అచ్చం మీ నారు కుళ్ళులాగే ఉంటుంది, చావనిదైతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తెగులు లోపల పెట్టుకుని నిగనిగలాడుతూనే లారీ ఎక్కుతుంది, తీరా నాటాక పోతుంది. (కొన్నవాడు ఫోన్ చేసేది అప్పుడే కదా!)

దక్షిణాఫ్రికాలో 1990లో ఇది బయటపడింది ఒక నర్సరీలోనే. అక్కణ్ణుంచి మిగతావాటికి పాకి, 2005లో కేప్‌టౌన్ దగ్గర టోకాయ్‌లో ఎదిగిన రేడియేటా జాతి పైన్ చెట్లకే పట్టింది. ఇప్పుడు తట్టుకునే హైబ్రిడ్లు నాటుకుంటూ దాంతోనే కాపురం చేస్తున్నారు.

ఆ గతి పట్టకూడదనే యూరప్ 2007లో గట్టి రూల్ పెట్టింది. తెగులు తేలిన చోటు చుట్టూ కనీసం కిలోమీటరు మేర గిరి గీస్తారు. లోపలి పైన్ మొక్కలు, పైన్ లాంటిదే అయిన డగ్లస్ ఫర్ మొక్కలు కదలడానికి వీల్లేదు, వరసగా రెండేళ్ళు తనిఖీల్లో ఏమీ కనబడకపోతేనే గిరి చెరుపుతారు. నర్సరీవాడికి కడుపుకోతే, నేను కాదనను. కానీ ఆ ఒక్కడి మొక్కలు ఎన్ని కొండలకు పోతాయో కూడా చూడాలి.

ఇది విత్తనంతోనూ వస్తుంది. 51-52 డిగ్రీల నీళ్ళలో అరగంట నానబెడితే బాగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందన్న భరోసా మాత్రం లేదు. వాడిన ట్రేల సందుల్లో, తడిపే నీళ్ళలో కూడా దాక్కుంటుంది, అందుకే ట్రేలను వేడినీళ్ళలో ముంచి గానీ మళ్ళీ వాడకూడదు.

మీ పూలమొక్కలకు ఈ తెగులు రాదు, టెన్షన్ పడకండి. కానీ నారు కుళ్ళు వచ్చిన ట్రేలు తీసేస్తామన్నారే, తీసి ఏం చేస్తున్నారు? ఊరికే నీళ్ళతో కడిగి మళ్ళీ విత్తుతుంటే, వచ్చే సీజన్‌కి ఆ కుళ్ళును మీరే దాచిపెట్టుకుంటున్నట్టు.