ఇంటి పనిగదికి తక్కువ ఖర్చులో కొయ్య లేతు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత ఇంటి వెనుక వసారాలో కొయ్యపని మొదలుపెట్టాను. మనవళ్లకు బొంగరాలు, ఇంట్లోకి చపాతీ కర్రలు, వీలైతే మంచం కోళ్లు చేయాలని ఉంది. కొయ్యను తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రం, అంటే లేతు, కొత్తది కొనే స్తోమత లేదు. పాత గ్రైండరు నుంచి తీసిన అర హెచ్.పి. మోటారు ఉంది. దానితో లేతు తయారు చేసుకోవచ్చునా? — ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. అయితే మోటారును కొంతకాలం పక్కన పెట్టి, ముందు కాలితో తొక్కే లేతును తయారు చేసుకోవలసిందిగా గట్టిగా సూచిస్తున్నాను. పాత ఇళ్ల దూలాలు రెండింటిని రెండంగుళాల సందు ఉంచి సమాంతరంగా బిగించి, ఆ సందులో రెండు నిలువు దిమ్మెలను దించి, కింద కొయ్య చీలలు కొడితే లేతు ఒళ్లు సిద్ధమవుతుంది. మంచం కోళ్ల కోసం దూలాలు నాలుగడుగులకు తగ్గకూడదు. అవి ఎంత బరువుగా ఉంటే పని అంత నిలకడగా సాగుతుంది. దిమ్మెలకు ఎదురెదురుగా రెండు బోల్టులు బిగించి, కొనలను 60 డిగ్రీల మొనగా ఆకురాయితో అరగదీయండి. కొయ్య వాటి మధ్యనే తిరుగుతుంది కాబట్టి మొన తగిలే గుంటలో ఆముదం చుక్క వేయాలి. కీచుమన్నా, పొగ వాసన వచ్చినా నూనె ఆరిపోయిందని అర్థం.

కొయ్యకు ఒక చుట్టు చుట్టిన నైలాన్ తాడు కింది కొసను తొక్కుడు బల్లకు, పై కొసను వెదురు గడకు గానీ, పైకప్పు దూలానికి వేలాడదీసిన పాత సైకిల్ ట్యూబుకు గానీ కట్టాలి. తొక్కినప్పుడు కొయ్య మీవైపు తిరుగుతుంది, అప్పుడే ఉలి కోస్తుంది. కాలు వదిలితే వెనక్కి తిరుగుతుంది, అప్పుడు ఉలిని వెంట్రుకవాసి వెనక్కి తీయాలి. పచ్చి మామిడి కొమ్మ మీద సాధన చేస్తే పేళ్లు పొడవాటి రిబ్బన్లలా లేస్తాయి. వేగం తక్కువ కనుక తప్పు చేసినా పెద్ద దెబ్బ తగిలే అవకాశం తక్కువ, చేతికి పట్టు వస్తుంది.

మిగిలిన డబ్బును ఉలులకు, సానరాయికి ఖర్చు చేయండి. లారీ కమాను పట్టీతో కొలిమిలో చేయించిన ఉలులు ఈ వేగానికి చాలు. పాత ఆకురాళ్లను మాత్రం ఉలులుగా మలచవద్దు. అవి పెళుసు, విరిగి ముఖానికి తగులుతాయి.

చేయి కుదిరాక మోటారు సంగతి చూద్దాం. మీ మోటారు సాధారణ రకమైతే నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. మోటారుకు రెండంగుళాల పుల్లీ, లేతు ఇరుసుకు నాలుగంగుళాల పుల్లీ వేస్తే వేగం దాదాపు 720కి తగ్గుతుంది. కొయ్యను మోటారు ఇరుసుకే బిగించవద్దు. 6204 నంబరు బేరింగులు రెండింటిపై 20 మిల్లీమీటర్ల ఇరుసును విడిగా నిలపండి. ఎర్తింగు, చేతికందే స్విచ్చి, బెల్టుకు మూత, ముఖానికి కవచం తప్పనిసరి. లుంగీతో, భుజాన తువాలుతో, చేతి తొడుగులతో తిరిగే లేతు దగ్గర నిలబడవద్దు.

ప్రశ్న: ఎర్రచందనం తునకలు దొరికితే లేతుకు వాడవచ్చునా? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వద్దు. అటవీశాఖ అనుమతి పత్రాలు లేని ఎర్రచందనాన్ని ఇంట్లో ఉంచుకుంటే కేసు అవుతుంది, తునక చిన్నదైనా సరే. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర లేతుకు ఎంతో అనువైనది, తెల్లగా, సన్నని పోగుతో ఉంటుంది. అది దొరకకపోతే తోటల్లో కొమ్మలు కత్తిరించినప్పుడు వచ్చే మామిడి, లేదా వేప తీసుకోండి. దుంగను నిలువునా చీల్చి నడిమి దవ్వను తీసివేసి, రెండు చివరలకూ కరిగించిన మైనం పూసి నీడన ఆరబెడితే పగుళ్లు చాలావరకు తగ్గుతాయి.